చూసి నేర్చుకున్న పని

దుప్పటి పిండడానికి ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి, చెరో కొస పట్టుకుని, ఎవరి కుడికి వాళ్ళు తిప్పాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎదుటామె చేతుల వంకే చూస్తూ అవి ఎటు తిరిగితే అటే తిప్పుతారు. అప్పుడు దుప్పటి గిరగిరా తిరుగుతుంది గాని చుక్క నీరు రాలదు. మిగతావాళ్ళు నవ్వుతారు. ఆ షెడ్డులో మొదటిరోజు నవ్వులపాలు కానివాళ్ళు లేరు.

షెడ్డు పెద్దాసుపత్రి వెనకాల ఉంది. పైన రేకులు, కింద బండలు. ఉతికే యంత్రాలు రెండున్నాయి. పిండే యంత్రం మాత్రం మూలపడి చాలాకాలమైంది. దాని మూత మీద సబ్బుపొడి డబ్బాలు, ఆడవాళ్ళ అన్నం గిన్నెలు పెట్టుకుంటారు. అందుకని వార్డుల్లోంచి వచ్చే దుప్పట్లన్నీ చేతులతోనే పిండాలి. పొద్దున ఒక బండెడు, మధ్యాహ్నం ఒక బండెడు.

గువ్వ తల్లికి జోడీ పొడుగామె. ఇద్దరికీ ఎత్తులో జానెడు తేడా ఉంది. పొడుగామె కాస్త వంగాలి, గువ్వ తల్లి కాస్త మునివేళ్ళ మీద లేవాలి. మెలిక బిగిసి ఇక తిరగనని మొరాయించినప్పుడు ఇద్దరూ ఒక్కసారే వెనక్కి వాలతారు. నీళ్ళు జల్లున బండల మీద పడతాయి. ఎప్పుడు వాలాలో ఒకరికొకరు చెప్పుకోరు. చేతులకి తెలుసు.

గోడవారన బోర్లించిన చెక్కపెట్టె మీద, పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీద గువ్వని కూర్చోబెడతారు. పక్కకి ఒరిగిపోకుండా నడుముకి గుడ్డ చుట్టి వెనక గొట్టానికి ముడివేస్తారు. ఆ పిల్లకి ఆరేళ్ళు నిండాయి. చూసినవాళ్ళు మూడంటారు. రెండేళ్ళ కింద కొన్న చెప్పులు ఇంకా వదులుగానే ఉన్నాయి. అరికాళ్ళు ఎండలో కూర్చోబెట్టినా చల్లగానే ఉంటాయి. మాట లేదు. పళ్ళు కొరుకుతుంది. ఉండుండి ఊపిరి బిగబట్టి, ఇక తీసుకోదేమోనని తల్లి చేతిలో పని వదిలేసే వేళకి వదులుతుంది.

చేతులు మాత్రం ఆగవు. రెండు చేతులూ రొమ్ము దగ్గరికి తెచ్చుకుని, ఒకదాన్ని ఇంకోదానితో చుట్టి, మెలి తిప్పుతుంది. విప్పుతుంది. మళ్ళీ తిప్పుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ అదే. వేళ్ళ కణుపుల మీద తోలు ఎర్రగా లేచిపోతే తల్లి నూనె రాస్తుంది. రాసిన నూనె అరగంటలో అరిగిపోతుంది.

షెడ్డులో ఆడవాళ్ళకి అదొక కాలక్షేపం. మనమంతా కూర్చుని లేస్తాం, అది మాత్రం పొద్దస్తమానం పిండుతూనే ఉంటుంది, హాజరుపట్టీలో దాని పేరు ఎక్కించండి అంటారు. పొడుగామె అయితే నేరుగా పిల్లతోనే మాట్లాడుతుంది.

"ఏమే గువ్వా, మీ అమ్మ సత్తువ చాలడం లేదు. రేపటి నుంచి నువ్వొచ్చి నా ఎదురుగా నిలబడు."

గువ్వ తల్లి నవ్వుతుంది. నవ్వి, ఎన్నోసారో తెలియని ఆ మాటే మళ్ళీ అంటుంది. "ఎవరు నేర్పారక్కా దానికి? నన్ను చూసి నేర్చుకుంది."

చంకన వేసుకొచ్చిన నాటి నుంచి పిల్ల చూసింది ఈ పనే. అంచేత చేతులు ఇది పట్టుకున్నాయి. ఇది పట్టుకున్న చేతులు రేపు ఇంకోటి పట్టుకోకపోతాయా? చెంచా పట్టుకోవా, గ్లాసు పట్టుకోవా? తల్లి లెక్క అది. పైకి ఎవరితోనూ అంత పొడుగున చెప్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది అనే మాటలో అదంతా ఉందనుకునేది.

ఆ బుధవారం మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. మంచివాడే. చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు మనిషి ముఖం వంక చూడడు, మెలేసిన దుప్పటి వంక చూస్తాడు. పైనుంచి తనిఖీకి వచ్చినాయన గువ్వని చూశాడట. మరిగే నీళ్ళు, మరకల మందు ఉన్నచోట పిల్లలేమిటని అడిగాడట. సోమవారం నుంచి షెడ్డులో పిల్ల కనపడకూడదు.

"నా చేతిలో లేదమ్మా," అన్నాడు దుప్పటితో.

ఇంటి దగ్గర అత్త ఉంది గాని ఆమెకి ఒక కన్ను కనపడదు, పిల్లని ఎత్తుకుని రెండడుగులు వేయలేదు. మొగుడు లారీ మీద పోతే పదిరోజులకి గాని రాడు. పని మానేస్తే ఇల్లు గడవదు. ఇవన్నీ మేస్త్రీకి తెలుసు. తెలిసినవే మళ్ళీ చెప్పడం దేనికి? ఆమె దుప్పటి విప్పి, దులిపి, తీగ మీద వేసింది.

పొడుగామె చెప్పింది, ఆసుపత్రి దాటి రెండు వీధులవతల వెనకబడ్డ పిల్లల బడి ఒకటుందని. పొద్దున తీసుకుని సాయంత్రం అప్పగిస్తారట. తను ఇంకొకామెని జోడీ వేసుకుని ఇద్దరి పనీ చూసుకుంటానని, ఇప్పుడే పోయి అడిగి రమ్మని తోసింది. గువ్వని చంకన వేసుకుని ఆమె వెళ్ళింది.

బడిలో పెద్ద టీచరమ్మ లేదు. ఆయా ఒకామె వరండాలో చిన్న చిన్న చెప్పులు జత చేస్తూ కూర్చుని ఉంది. ఒకే ఒక్క ఖాళీ ఉందని, నేర్పితే వచ్చే పిల్లలకే ఇస్తారని, ఊరికే కాపలా కాయడానికి ఇది అంగన్వాడీ కాదని చెప్పి, దరఖాస్తు కాగితం ఒకటి తెచ్చిచ్చింది. అంటురోగం లేదని డాక్టరు దగ్గర రాయించుకురావాలి. శనివారం పెద్ద టీచరమ్మ ఉంటుంది.

గువ్వ తల్లి కూడబలుక్కుంటూ చదివింది. తొమ్మిదో గడి దగ్గర ఆగింది. 'బిడ్డ తనంతట తాను చూసి నేర్చుకున్న పని.'

ఆమె ముఖం విప్పారింది. "ఇదిగో, పిండుతుంది," అంది, చంకలో పిల్లని కాస్త ముందుకి తిప్పి.

ఆయా చెప్పుల మీంచి తలెత్తి చూసింది. "అదొక పనా తల్లీ? పనంటే గిన్నె అందుకోవడం, దువ్వెన పట్టుకోవడం. చేతులు నలుపుకోవడం కూడా పనైతే మా ఆయన ఎప్పుడో పనిమంతుడయ్యేవాడు."

తప్పుగా ఏమీ అనలేదామె. నవ్వించడానికే అంది. గువ్వ తల్లి నవ్వలేదు. పెద్ద టీచరమ్మకయితే అర్థమవుతుందనుకుంది.

*

పిల్లల డాక్టరు గది ముందు వరస పొడుగ్గా ఉంది. షెడ్డు మనిషి గదా అని నర్సు పక్కతలుపు తెరిచి పంపింది. లోపల కుర్ర డాక్టరు ఉన్నాడు. కాగితం చూశాడు, పెన్ను తీశాడు, గువ్వని చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు. ఒక్క నిమిషం అని లేచిపోయి, ఒక పెద్ద డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చాడు. నెలకి రెండుసార్లు వస్తుందట ఆమె. జుట్టు సగం నెరిసింది. ముక్కాలిపీట జరుపుకుని గువ్వకి ఎదురుగా కూర్చుంది, కళ్ళకి కళ్ళు సమంగా. గువ్వ ఆమె వంక చూసింది. ఇద్దరూ చాలాసేపు అలాగే చూసుకున్నారు.

తరవాత అడగడం మొదలుపెట్టింది. పుట్టినప్పుడు బాగుందా? బాగుంది. కూర్చుందా? అందరు పిల్లల్లాగే కూర్చుంది. చేతికిచ్చింది పట్టుకునేదా? పట్టుకునేది, బిస్కట్టు పట్టుకుని ఈ కొస ఆ కొస చప్పరించేది. మాటలు? అమ్మ అనేది, తాత అనేది, ఇంకోటి కూడా ఏదో అనేది, దానికి అర్థమేమిటో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎప్పుడు మానేసింది? ఏడాదిన్నర దాటాక. ముందు బిస్కట్టు జారిపోవడం మొదలైందా, మాట ముందు పోయిందా?

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. తల్లి ఆలోచించింది.

"బిస్కట్టు," అంది.

"అది పోయాక చేతులిలా తిప్పడం మొదలుపెట్టింది," అంది డాక్టరమ్మ.

అడగడం కాదు అది. చెప్పడం. ఇంట్లో ఉండి చూసినట్టు చెబుతోంది. ఆ చేతుల మాట వచ్చింది గదాని, ఇదే అదనని, తల్లి చెప్పేసింది. "నేను కింద షెడ్డులో దుప్పట్లు పిండుతానమ్మా. చంకలో వేసుకునే పిండేదాన్ని. నన్ను చూసి నేర్చుకుంది."

డాక్టరమ్మ ముఖంలో ఏదో మెత్తబడింది. గువ్వ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, పట్టీపట్టనట్టు పట్టుకుని, తూకం చూస్తున్నదానిలా కాసేపు ఉంచుకుంది. ఆ చేతులు ఆమె చేతుల్లో కూడా తిరుగుతూనే ఉన్నాయి.

"లేదమ్మా," అంది. "ఇది జబ్బు. చాలా అరుదుగా వస్తుంది, అదీ ఎక్కువగా ఆడపిల్లలకే. రక్తం పంపిస్తాను. ఆ జవాబు వచ్చేదాకా కాగితం మీద ఖాయంగా రాయకూడదు. కానీ ఇలాంటి పిల్లల్ని ఇరవైమందిని చూశాను."

అందరి ఒంట్లోనూ ఒక రాత ఉంటుందట. చెయ్యి ఎలా కదలాలి, మాట ఎలా రావాలి, తల ఎంత పెరగాలి, అన్నీ అందులో రాసి ఉంటాయట. కడుపులో పడేటప్పుడు ఆ రాత దించుకోవడంలో ఒకచోట తప్పు పడిందట.

"తలరాతా?" అంది తల్లి.

"తలరాత కాదు. ఒంటి రాత. నువ్వు తిన్నదాని వల్ల కాదు, చేసినదాని వల్ల కాదు, నీ మొగుడి వల్ల కాదు. పొరపాటు పడింది, అంతే."

తల్లి తల ఊపింది. అర్థమైందని కాదు. ఎదుటిమనిషి ఆగితే ఊపాలి గనుక ఊపింది. డాక్టరమ్మ ఫోను తీసి, ఆ పిల్లల కన్నవాళ్ళు చూపించమన్నారు గనకే చూపిస్తున్నానని చెప్పి, ముందు పెట్టింది. కుర్చీలో కూర్చున్న పిల్ల ఒకతె, రెండు జడలు, నీలం గౌను. చేతులు రొమ్ము దగ్గర. మెలి తిప్పింది, విప్పింది, మెలి తిప్పింది. ఇంకో పిల్ల, ఇంకా పెద్దది, పన్నెండేళ్ళుంటాయి. అవే చేతులు. ఇంకో పిల్ల మంచం మీద పడుకుని. అవే.

ఆరో పిల్ల దగ్గర తల్లి ఫోను మీద నుంచి కళ్ళు తీసింది.

"వీళ్ళ అమ్మలు ఏం పని చేస్తారమ్మా?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న వెంటనే అందలేదు. అందాక ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ చెప్పింది. జడల పిల్ల తల్లి బడిలో లెక్కలు చెబుతుంది. పెద్దపిల్ల తల్లి పొలం పని. ఇంకొకామె బ్యాంకులో. ఇంకొకామె ఇంట్లోనే ఉంటుంది.

"బట్టలు పిండేవాళ్ళు?"

"ఒక్కరూ లేరు." డాక్టరమ్మ ఆ మాట దయగా, బరువు దించుతున్నదానిలా అంది. "అందుకే చెబుతున్నాను. నీ పని వల్ల వచ్చింది కాదిది. నీ దగ్గర నేర్చుకున్నది కాదు. ఇన్నాళ్ళూ ఆ మాట మోసి ఉంటావు, ఇక దింపెయ్."

తల్లి మళ్ళీ తల ఊపింది. ముక్కాలిపీట కాలికి అంటుకున్న సబ్బు మరక ఒకటి కనపడితే గోటితో గీకింది. అది సబ్బు కాదు, సున్నం. రాలేదు.

డాక్టరమ్మ రెండు కాగితాలు రాసింది. ఒకటి చిన్నది, అంటురోగం లేదని. రెండోది నిండా రాసి, చదివి వినిపించింది. చేతుల కదలిక బిడ్డ స్వాధీనంలో లేదు. చేతితో పని చేసే నేర్పు పోయింది, పట్టుబట్టి చేయించరాదు. కళ్ళు బాగా పనిచేస్తాయి, చూపుతో అడుగుతుంది, ఆ దారిన నేర్పాలి. ఇది బడిలో తప్పకుండా ఇవ్వమంది. వాళ్ళకి తెలిస్తే పిల్లకి మేలు.

రక్తం తీసేటప్పుడు గువ్వ ఏడవలేదు. సూది వంక కాదు, తల్లి వంక చూస్తూ ఉంది.

*

ఇంట్లో గువ్వ చేతులకి మేజోళ్ళు తొడగడం అత్త అలవాటు. చేతులకి ఏదైనా అడ్డం ఉంటే మరిచిపోతుందని ఆమె నమ్మకం. ఒంటికన్నుతో దగ్గరికి పెట్టుకుని చూస్తూ ఒక్కొక్క వేలూ సర్ది తొడుగుతుంది. మేజోళ్ళు ముడతలు పడి జారిపోతాయి. మళ్ళీ తొడుగుతుంది. తొడుగుతున్నంతసేపూ గొణుగుతుంది. పసిగుడ్డుని చంకలో పెట్టుకుని ఆ వెధవ పిండుడు పిండితే పిల్లకి పట్టుకోక ఏమవుతుంది. ఇంకోళ్ళయితే ఇంకో పని చూసుకునేవాళ్ళు. నాలుగేళ్ళుగా అదే పాట.

ఆ సాయంత్రం కోడలు వచ్చి గోడకి జారగిలబడి కూర్చుంది. చెప్పింది. అరుదైన జబ్బట, రాతలో పొరపాటట, ఎవరి వల్లా కాదట. ఇరవైమంది ఉన్నారట. వాళ్ళ తల్లులెవరూ బట్టలు పిండరట.

అత్త చేతిలో మేజోడు సగం తొడిగి ఉంది. వింటూ వింటూ దాన్ని మెల్లగా లాగేసింది. రెండోది కూడా తీసింది. రెండూ కలిపి ఉండలా చుట్టింది.

"అయితే నీ పని వల్ల కాదన్నమాట."

"కాదంట."

"నాలుగేళ్ళు అన్నానే నిన్ను." ఆమె కనపడని కన్ను కూడా తుడుచుకుంది. "నోటికొచ్చినట్టు అన్నాను. నువ్వు ఒక్కసారి తిరగబడి ఉంటే నాకు బుద్ధొచ్చేది గదే."

అత్త అన్నప్పుడల్లా లోపల కోడలికి కోపంతో పాటు ఇంకోటి కూడా ఉండేదని, పట్టుకుంది అన్న మాటనే తను నేర్చుకుంది అని మార్చుకుని వినేదని, ఆ తిట్టు లేకపోతే ఇవాళ ఇల్లు ఏదోలా ఉందని, అదంతా చెబితే ముసలామెకి అర్థం కాదు. తనకే ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

"ఏమే, పలకవు? బరువు దిగింది గదా," అంది అత్త.

"దిగింది అత్తా."

లేచి పొయ్యి దగ్గరికి పోయింది. అన్నం మెత్తగా మెదిపి, గువ్వ నోటికి అందించింది. రెండు ముద్దలు తిన్నాక గువ్వ నోరు మూసి, గూట్లో ఉన్న చెంబు వంక చూసింది. తల్లి చెంబు తెచ్చి నీళ్ళు పట్టింది. తాగాక మళ్ళీ గిన్నె వంక చూసింది. రోజూ జరిగేదే. ఇన్నేళ్ళలో దాన్నొక విద్య అనుకోలేదామె. చూపుతో అడుగుతుంది అని డాక్టరమ్మ రాసినప్పుడు, ఇందులో రాయడానికేముంది అనుకుంది. పిల్ల పైకెత్తి చూసే ఆ చూపు కంటే, కింద ఒళ్ళో తిరిగే చేతులే ఆమెకి ఎప్పుడూ ఎక్కువ కనపడ్డాయి.

ఇప్పుడు చేతుల వంక చూడబుద్ధి కాలేదు. పరాయివాళ్ళ చేతుల్లా ఉన్నాయి. జడల పిల్లవి, మంచం మీది పిల్లవి.

*

మరునాడు షెడ్డులో మొదటిసారి ఆమె చెయ్యి తప్పింది. పొడుగామె వెనక్కి వాలే వేళకి ఈమె వాలలేదు. కొస చేతుల్లోంచి జారిపోయి, ఆ పొడుగు మనిషి తడి బండల మీద వెల్లకిలా పడింది.

అందరూ నవ్వారు. పడినామె కూడా నవ్వుతూ లేచి, నడుము పట్టుకుని, చూశావటే గువ్వా మీ అమ్మ నన్ను చంపబోయింది, నువ్వే నయం, రా వచ్చి పట్టుకో అంది. తల్లి నవ్వకపోయేసరికి పొడుగామె నవ్వు ఆపింది. దగ్గరికొచ్చి, ఏమన్నారు అని మెల్లగా అడిగింది.

"దానికి పిండడం రాదంటక్కా. జబ్బంట, చేతులు వాటంతటవే తిరుగుతాయంట."

పొడుగామె ఆ మాటని కాసేపు తిప్పి చూసుకుంది. ఓదార్చడం చేతకాని మనిషి. ఆ పూటంతా గువ్వతో ఏ హాస్యమూ ఆడలేదు. మిగతావాళ్ళకి కూడా కళ్ళతోనే చెప్పినట్టుంది, వాళ్ళూ ఆడలేదు. షెడ్డులో యంత్రాల చప్పుడు, నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. చెక్కపెట్టె మీద గువ్వ ఒక్కొక్కరి ముఖమే మార్చి మార్చి చూసింది. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూస్తున్నట్టు చూసింది.

తల్లి అది గమనించింది. దుప్పటి పొడుగామె చేతికి వదిలి, పోయి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. కొంగుతో దాని చొంగ తుడిచింది. నాలుగేళ్ళుగా ఆ పిల్లతో ఆమె మాట్లాడిందంతా ఆ చేతుల గురించే.

*

శనివారం పెద్ద టీచరమ్మ ఉంది. బల్ల మీద కాగితాలు, ఒక రబ్బరుముద్ర, ఒక రంగురంగుల పూసల చట్రం. ఇంకో ముగ్గురు బయట బెంచీ మీద పిల్లలతో కూర్చుని ఉన్నారు. ఖాళీ ఒకటే. ఆ పిల్లల్లో ఒకడు వరండా స్తంభాన్ని పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. చక్కగా నడుస్తున్నాడు.

గువ్వ తల్లి దరఖాస్తూ, డాక్టరమ్మ రాసిన చిన్న కాగితమూ బల్ల మీద పెట్టింది. పెద్ద కాగితం సంచిలో, చేతికి తగిలేలా ఉంది. ఇవ్వమని డాక్టరమ్మ చెప్పింది. ఇస్తాననే వచ్చింది. ముందు వాళ్ళు అడిగింది అడగనీ అనుకుంది.

పెద్ద టీచరమ్మ నిదానమైన మనిషి. ఒక్కొక్క గడీ చదువుతూ, జవాబు విని, గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. వయసు. బరువు. నడక. మాట. లేదు, లేదు అని రాయాల్సినప్పుడు ఆమెకే కష్టంగా ఉన్నట్టు కలం కాస్త ఆగుతోంది. తొమ్మిదో గడి దగ్గరికి వచ్చింది. చూసి నేర్చుకున్న పని ఏదైనా ఉందా అని అడిగింది.

తల్లి నిజమే చెప్పింది. "చూపుతో అడుగుతుందమ్మా. దాహమేస్తే చెంబు వంక చూస్తుంది. ఆకలైతే గిన్నె వంక చూస్తుంది. నాకు తెలిసిపోతుంది."

పెద్ద టీచరమ్మ మంచిగానే నవ్వింది. "చూడటం అందరూ చూస్తారు గదమ్మా. నీకు తెలుస్తుంది, తల్లివి గనుక. మాకెలా తెలుస్తుంది? పని ఏదైనా చెప్పు. ఏదో ఒకటి. చిన్నదైనా సరే." ఆగి, గొంతు తగ్గించింది. "ఈ గడి ఖాళీగా ఉంటే నేను తీసుకోలేనమ్మా. నా పైన కూడా చూసేవాళ్ళున్నారు."

ఖాళీ గడి మీద కలం ఆగి ఉంది. కిటికీలోంచి స్తంభం చుట్టూ తిరిగే పిల్లవాడి అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

సంచిలో కాగితం అంచు తల్లి వేలికి తగిలింది. వేలు వెనక్కి తీసుకుంది.

"పిండుతుంది," అంది.

"ఏమిటి?"

"బట్టలు పిండడం. నేను షెడ్డులో దుప్పట్లు పిండుతాను. నన్ను చూసి నేర్చుకుంది."

ఎన్ని వందలసార్లో అన్న మాట. ప్రతిసారీ మనస్ఫూర్తిగా అంది, విన్నవాళ్ళు నవ్వారు. ఇవాళ నోట్లో సున్నంలా ఉంది. పెద్ద టీచరమ్మ నవ్వలేదు. కలం పక్కనబెట్టి, ముందుకి వంగి, గువ్వ చేతుల్ని శ్రద్ధగా చూసింది.

"నిజంగానా? ఏదీ, నువ్వు చేస్తే చేస్తుందా?"

తల్లి భుజం మీద గువ్వ చొంగ తుడిచే రుమాలు ఉంది. వరండాలో కుండ దగ్గరికి పోయి దాన్ని తడిపి తెచ్చింది. గువ్వని కుర్చీలో సరిగ్గా కూర్చోబెట్టి, తను పక్కనే, పిల్లకి భుజం తగిలేలా కూర్చుంది. రుమాలు రెండు చేతులతో పట్టుకుంది. వెంటనే తిప్పలేదు. ఓరగా చూసింది. గువ్వ చేతులు విప్పుకున్నాయి. మెలిక మొదలవబోయే ఆ క్షణానికి తనూ తిప్పింది. గువ్వ ఎంత నిదానంగా తిప్పితే తనూ అంతే నిదానంగా తిప్పింది. విప్పితే విప్పింది. గువ్వ మధ్యలో ఊపిరి బిగబట్టి ఆగింది. తనూ ఆగింది. వదిలింది. తనూ తిప్పింది.

నాలుగు చేతులూ ఒక్క లెక్కన తిరిగాయి. రెండు చుక్కల నీరు నేల మీద పడింది.

ఇంతకాలం పొడుగామెతో పని చేసిన చేతులవి. ఎదుటివాళ్ళ బిగువెంతో, ఎప్పుడు వాలతారో, చెప్పకుండానే కనిపెట్టే చేతులు. ఈ పిల్ల చేతుల్ని అలా కనిపెట్టి చూడటం ఇదే మొదటిసారి. ఎడమది పైనుంటుంది. మూడుసార్లు గట్టిగా తిప్పి, నాలుగోసారి వదులుగా తిప్పుతుంది. తను ఎప్పుడూ అలా పిండలేదు. షెడ్డులో ఎవరూ పిండరు. అది గువ్వ ఒక్కదానిదే.

పెద్ద టీచరమ్మ కళ్ళు చెమర్చాయి. "ఎంత చక్కగా చూసి చేస్తోంది తల్లిని," అంది, తనలో తను అన్నట్టు. కలం తీసుకుని గడిలో రాసింది. అక్షరం అక్షరం పలుకుతూ రాసింది. "తల్లిని... అనుకరించి... బట్టలు... పిండును." కింద గీత కూడా గీసింది. "చేతులు ఇంత బాగా ఆడేటప్పుడు చెంచా ఎంతసేపమ్మా. ఆరు నెలలు నాకు వదిలెయ్. పట్టుబట్టి నేర్పిస్తాం."

పట్టుబట్టి చేయించరాదు అన్న మాట సంచిలో ఉంది. తల్లి చేతులు తిప్పుతూనే ఉంది. రుమాల్లో నీరు ఎప్పుడో అయిపోయింది. తను ఆపితే, పిల్ల ఆపకపోతే, తెలిసిపోతుంది. గువ్వ మాత్రం చేతుల వంక చూడటం లేదు. తల పక్కకి తిప్పి తల్లి ముఖమే చూస్తోంది. ఆ చూపు దేన్ని అడుగుతోందో తల్లికి తెలియలేదు. చెంబుని కాదు, గిన్నెని కాదు.

పెద్ద టీచరమ్మ మిగతా గడులు నింపింది. ముద్ర వేసింది. ఆయాని పిలిచి, బయటవాళ్ళకి ఈసారికి లేదని చెప్పమంది. బెంచీ మీంచి ఎవరో లేచిన చప్పుడు, చెప్పులు వేసుకున్న చప్పుడు వినిపించాయి. స్తంభం చుట్టూ అడుగులు ఆగిపోయాయి.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా," అని కాగితం ఇటు తిప్పి, కలం చాచింది.

కలం పట్టాలంటే రుమాలు వదలాలి. తల్లి కుడిచెయ్యి మెల్లగా విడిపించుకుని కలం అందుకుంది. ఎడమచెయ్యి, రుమాలుతో సహా, గువ్వ రెండు చేతుల మీద వేసి, ఇక చాల్లే తల్లీ అన్నట్టు కప్పి ఉంచింది. వంగి, కూడబలుక్కుని తన పేరు రాయసాగింది. అరచేతి కింద ఆ చేతులు తిరుగుతూనే ఉన్నాయి. మూడుసార్లు గట్టిగా, ఒకసారి వదులుగా.